నీళ్లు తగ్గుతున్నాయి, కింద చుక్క లేదు: పాత పికప్ కూలెంట్ లీకు డైరీ

బండి, దాని సమస్య

బండి మా చిన్నాన్నది. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఉన్న పాత పికప్. ఏ కంపెనీదన్నది పక్కన పెడుతున్నా. ఆ కాలపు పికప్‌లలో చాలావాటికి ఇంజన్ అమరిక దాదాపు ఇలాగే ఉంటుంది కాబట్టి, ఈ రాసేది వేరే బండి ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. మదనపల్లె మార్కెట్‌కు టమాటా తోలడం, తిరుపతికి కూరగాయలు వేసుకెళ్లడం, తిరిగొచ్చేటప్పుడు దాణా బస్తాలు తేవడం దీని పని.

తిరుపతి వెళ్లొచ్చిన ప్రతిసారీ రేడియేటర్‌లో అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా తక్కువ పడుతోంది. ఊళ్లో ఖాళీగా తిరిగితే ఏమీ తగ్గదు. తిరుగు ప్రయాణంలో లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది. బండి రాత్రంతా నిలిపిన చోట పొద్దున చూస్తే నేల మీద తడి కూడా కనిపించదు.

పోయిన వేసవిలో ఒక షెడ్డులో రేడియేటర్ మార్పించారు. తగ్గడం ఆగలేదు. ఇప్పుడు ఇంకో చోట "హెడ్ ప్యాకింగ్ పోయింటాది, హెడ్డు దించాల్సిందే" అన్నారు. సిలిండర్లుండే బ్లాకుకు, దాని మీది మూతలాంటి హెడ్డుకు మధ్య ఉండే సీలే హెడ్ ప్యాకింగ్. హెడ్డు దించితే ఖర్చు ప్యాకింగ్‌తో ఆగదు. లేత్‌లో ఫేసింగ్, కొత్త బోల్టులు, వాల్వు సీళ్లు, కూలీ అన్నీ వచ్చి పడతాయి. సీజన్ ముంగిట బండి షెడ్డులో కూర్చోవడం వేరే నష్టం. చిన్నాన్న అప్పటికే మనసు గట్టి చేసుకున్నాడు. "ఏం రా, ఇంక హెడ్డు ఎత్తేదేనా?" అని ఫోన్ చేశాడు. "వద్దు చిన్నాన్నా, లీకు ఎక్కడో కళ్లతో చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పొద్దు" అని చెప్పి బండి ఇంటికి తెప్పించాను.

ఇంజన్‌లోంచి నీళ్లు పోవడానికి మూడే దారులు: బయటికి కారాలి, సిలిండర్‌లోకి పోయి పొగతో బయటపడాలి, లేదా ఆయిల్‌లో కలవాలి. మూడింటిలో దేనికైనా ఆనవాలు ఉండి తీరుతుంది. ఆ ఆనవాలు దొరికేదాకా వస్తువులు మార్చుకుంటూ పోవడం నాకు అసలు ఇష్టం ఉండదు. నమ్మి బండి ఇచ్చినవాడి డబ్బు అది.

శనివారం మధ్యాహ్నం

చాలామంది మొదట ఇంజన్ కడిగేస్తారు. కడగకముందే ఒకసారి నింపాదిగా చూడాలి. కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, కారి ఎండిన చోట పొడి చార మిగులుతుంది. ఆ చార కూలెంట్ రంగును బట్టి పచ్చగానో గులాబీగానో ఉంటుంది, మా వైపు బోరు నీళ్లు పోసినవాళ్ల బండ్లలో సున్నం పూసినట్టు తెల్లగా ఉంటుంది. ఒకసారి కడిగేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

రేడియేటర్ కొత్తదే. పక్క ట్యాంకులు ప్లాస్టిక్‌వి, అల్యూమినియం కోర్‌కు మడత పెట్టి నొక్కి ఉంటాయి. ఆ మడత వెంబడి వేలు పెట్టి చూశా, పొడిగా ఉంది. కింది హోస్ పైపు బాగుంది. పై హోస్ పైపు థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) హౌసింగ్‌కు తగిలే చోట క్లిప్పు చుట్టూ తెల్లటి పొక్కు కట్టింది. పైపు అక్కడ గట్టిపడింది కానీ పగల్లేదు. క్లిప్పు వదులు చేసి కాస్త జరిపి బిగించాను. ఇలాంటివి పొద్దున చల్లగా ఉన్నప్పుడు రబ్బరు, ఇనుము ముడుచుకుని చెమ్మగిల్లుతాయి, ఇంజన్ వేడెక్కగానే ఆగిపోతాయి. ముప్పావు లీటరు మాత్రం దీని పని కాదు.

తర్వాత వాటర్ బాడీ, అంటే ఇంజన్‌లో నీళ్లు తిప్పే పంపు. దాని షాఫ్టు కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం గుండా బయటికి రావాలని కంపెనీవాళ్లే పెట్టినది అది. కొందరు లీకు ఆపుతున్నామనుకుని అక్కడ ఎంసీల్ పూస్తారు. దాంతో బేరింగు పాడై ఫ్యాను ఊగి కొత్త రేడియేటర్‌కు తగులుతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. మా బండిలో చిన్న అద్దం పెట్టి టార్చి వేసి చూస్తే రంధ్రం పొడిగా ఉంది, చార లేదు. బెల్టు తీసి పుల్లీ పట్టుకుని ఊపాను, ఆట లేదు. వాటర్ బాడీని జాబితాలోంచి తీసేశాను.

సైలెన్సర్ వైపు బ్లాకు మాత్రం ఆయిల్, దుమ్ము కలిసి పేరుకుపోయి ఏమీ కనిపించలేదు. ఆల్టర్నేటర్‌కు, వైర్ల జాయింట్లకు ప్లాస్టిక్ కవరు చుట్టి, కిరోసిన్, బ్రష్షుతో రుద్ది, సన్నటి ధారతో కడిగాను. ఆరేదాకా ఎండలో వదిలేశాను.

ఆదివారం పొద్దున: హెడ్ ప్యాకింగ్ సంగతి

బెంగళూరులో గ్యారేజీ నడిపే స్నేహితుడి దగ్గర ప్రెజర్ టెస్టర్ కిట్టు, బ్లాక్ టెస్టర్ అరువు తెచ్చుకున్నాను. అందరూ హెడ్ ప్యాకింగ్ అంటున్నారు కాబట్టి ముందు దాన్నే తేల్చుకోవాలి.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగా, మామూలుగా ఉంది. ఆయిల్ పోసే మూత లోపల మీగడ రంగు నురగ లేదు. చల్లటి ఇంజన్‌ను రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేశాను. ప్యాకింగ్ పోయి సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తుంటే, నీళ్లు వేడెక్కకముందే బుడగలు పొంగుతాయి, మూత పెడితే పై హోస్ పైపు నిమిషం రెండు నిమిషాల్లో బిగుసుకుంటుంది. ఇక్కడ నీళ్లు నిలకడగా ఉన్నాయి, పైపు మెత్తగా ఉంది. పొగ తెల్లగా లేదు, తియ్యటి వాసన లేదు.

ఆ తర్వాత బ్లాక్ టెస్టర్. రేడియేటర్ నోటి మీద గాజు గొట్టం బిగించి, నీళ్ల పైనుండే గాలిని నీలం ద్రావణం గుండా లాగుతాం. ఆ నీలం బ్రోమోథైమాల్ బ్లూ. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటే అది ద్రావణంలో కరిగి ఆమ్లమై రంగు మారుస్తుంది. పెట్రోలు ఇంజన్‌లో పసుపు రంగుకు తిరుగుతుంది. డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో ఎక్కువ గాలితో మండుతుంది కాబట్టి పొగలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ, అందుకే డీజిల్‌లో ఆకుపచ్చకు తిరిగినా అనుమానించాల్సిందే. చల్లగా ఉన్నప్పుడు చేసి వదిలేస్తే లాభం లేదు. థర్మోస్టాట్ తెరుచుకుని నీళ్లు తిరిగేదాకా ఆగి, మధ్యలో రేసు ఇస్తూ చేయాలి. రేడియేటర్‌లో నీళ్లు రెండు అంగుళాలు తగ్గించుకుంటే ద్రావణంలోకి నీళ్లు ఎక్కవు.

చివరిదాకా నీలంగానే ఉంది. చిన్నాన్న పక్కనే నిలబడి గొట్టంలోకి చూస్తూ, "అయితే హెడ్డు బాగుందా?" అన్నాడు. "దించాల్సిన కారణమైతే ఒక్కటీ కనపడలేదు చిన్నాన్నా" అన్నాను. ఆయన ముఖంలో టెన్షన్ సగం అప్పుడే దిగిపోయింది.

ఆదివారం సాయంత్రం: మూత

ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ నిండా నీళ్లు పోసి, మూత బదులు ప్రెజర్ టెస్టర్ బిగించి 0.9 బార్ దాకా పంపు కొట్టాను. మూత మీద అదే అంకె ఉంది, అంటే దాదాపు 13 పీఎస్ఐ. ఇరవై నిమిషాలు చూశా, ముల్లు కదల్లేదు. చల్లటి ఇంజన్‌లో లీకు లేదు.

తర్వాత అడాప్టర్ పెట్టి మూతను విడిగా పరీక్షించాను. 0.9 దగ్గర తెరుచుకోవాల్సిన మూత 0.4 దగ్గరే వదిలేసింది. లోపలి రబ్బరు వాషర్ చెక్కలా గట్టిపడి, అంచులో సన్నటి చీలిక ఉంది. రేడియేటర్ మార్చినప్పుడు పాత మూతే పెట్టేశారు.

మూత గురించి కాస్త రాయాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. కుక్కర్ వెయిట్ చేసే పనే ఇదీ చేస్తుంది. ఒత్తిడి పెరిగితే నీళ్లు మరిగే వేడి పెరుగుతుంది. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల లోపే మరుగుతాయి. 0.9 బార్ మూత నిలబడితే అవే నీళ్లు 117, 118 దాకా మరగవు. 0.4కే వదిలేస్తే 108 దగ్గరే ఆవిరి మొదలవుతుంది. ఘాట్‌లో లోడుతో, సెకండ్ గేరులో, ఎదురుగాలి లేకుండా పాకుతున్న ఇంజన్‌కు ఆ తేడా చాలా పెద్దది. ఆవిరి బుడగ పట్టిన చోట ఇనుముకు నీళ్లు తగలవు, వేడి ఇంకా పెరుగుతుంది, పొంగిన నీళ్లు రేడియేటర్ పక్కనుండే ఓవర్‌ఫ్లో బాటిల్‌లోకి, అక్కడి నుంచి రోడ్డు మీదికి పోతాయి.

ముల్లు ఎర్ర గీతకు ఎందుకు పోతోందో దీనితో తెలిసింది. కొత్త మూత పెట్టాను. బాటిల్ మీద టేపు అంటించి పెన్నుతో గీత గీశాను.

తర్వాతి వారం

కొత్త మూతతో చిన్నాన్న తిరుపతి వెళ్లొచ్చాడు. ముల్లు ఘాట్‌లో ఇదివరకటి కంటే కిందనే ఉందట. కానీ నీళ్లు మాత్రం ముప్పావు లీటరు కంటే ఎక్కువే తగ్గాయి.

ఆయన డీలా పడ్డాడు, నాకు మాత్రం సంతోషమేసింది. పాత మూత ఒత్తిడిని సగంలోనే వదిలేస్తున్నంత కాలం, లీకు ఉన్న చోట నీళ్లను నెట్టే బలం తక్కువ. ఇప్పుడు పూర్తి ఒత్తిడి నిలుస్తోంది, కాబట్టి లీకు పెద్దదైంది. పెద్దదైతే పట్టుకోవడం తేలిక. చల్లగా ఉన్నప్పుడు కారదు, కింద చుక్క పడదు, లోడు మీద ఎక్కువ పోతుంది. అంటే వేడికి తెరుచుకునే చోట, కారింది నేలను చేరకముందే ఆవిరైపోయేంత వేడి భాగం పక్కన వెతకాలి. అలాంటి భాగం ఇంజన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒక్కటే, అంటే సిలిండర్ల పొగను సైలెన్సర్‌కు చేర్చే గొట్టాల భాగం.

శనివారం రాత్రి: వేడి మీద పరీక్ష

వేడి ఇంజన్ మూత తీసి టెస్టర్ పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. 100 డిగ్రీలు దాటిన నీళ్లు ఒత్తిడి పోగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. చల్లగా ఉన్నప్పుడే టెస్టర్ బిగించి, బిగించిన టెస్టర్‌తోనే ఇంజన్ నడిపి వేడెక్కించాలి. మీటరు 0.9 దాటబోతుంటే రిలీజ్ మీట నొక్కి కాస్త వదలాలి.

ముందుగా రేడియేటర్‌లో అల్ట్రావయొలెట్ రంగు ద్రావణం కొద్దిగా కలిపాను. కొన్ని కూలెంట్లు వాటంతట అవే ఆ వెలుగులో మెరుస్తాయి. మా బండిలో ఉన్నది రంగు కూడా మిగలని బోరు నీళ్లు కాబట్టి ఇది తప్పలేదు. ఇంజన్ వేడెక్కాక రేసు ఇస్తూ ఉంచి, తర్వాత ఆపేశాను. ఆపిన వెంటనే నీళ్ల వేడి తగ్గదు. తిరగడం ఆగిపోయి బ్లాకు వేడి నీళ్లలోకి దిగి ఇంకాస్త పెరుగుతుంది కూడా. అందుకని మొదటి కొన్ని నిమిషాల్లో ముల్లు పడిపోతే అది చల్లారడం వల్ల కాదు, లీకు వల్లే. ఆ తర్వాత పడితే ఏమీ చెప్పలేం.

ముల్లు మెల్లగా 0.9 నుంచి 0.8కి, ఇంకా కిందికి జారింది. మానిఫోల్డ్ వైపు చెవి పెడితే సన్నగా 'స్స్' మంటోంది. వాసన కూడా అక్కడే.

పెరట్లో లైట్లన్నీ ఆర్పేసి, పసుపు కళ్లద్దాలు పెట్టుకుని, అల్ట్రావయొలెట్ టార్చి వేశాను. మానిఫోల్డ్ కింద, స్టార్టర్ మోటారు వెనక, బ్లాకుకు ఉన్న గుండ్రటి బిళ్ల దిగువ అంచు నుంచి పచ్చటి వెలుగు గీత ఒకటి. వెంట్రుక మందం. బ్లాకు మీద రెండంగుళాలు దిగి, అక్కడే ఆరిపోయి, చివర చిన్న మరకలా మిగిలింది. అద్దం ఇంకాస్త దగ్గర పెడితే బిళ్ల అంచులో సూదిమొన అంత నల్ల చుక్క, దాని నోట్లో నీటి బొట్టు ఉబ్బడం, పగలడం, మళ్లీ ఉబ్బడం. చిన్నాన్నను పిలిచి అద్దంలో చూపించాను. చాలాసేపు వంగి చూసి, "ఇంత చిన్నదా రా నాయనా" అన్నాడు.

అది కోర్ ప్లగ్గు, కొన్ని షాపుల్లో వెల్ష్ ప్లగ్గు అంటారు. బ్లాకును పోత పోసేటప్పుడు లోపల నీటి దారుల కోసం ఇసుక అచ్చు పెడతారు. పోత అయ్యాక ఆ ఇసుక తీయడానికి వదిలిన రంధ్రాలను ఇలాంటి పల్చటి ఇనుప బిళ్లలతో మూస్తారు. బ్లాకు గోడ బాగా దళసరిగా ఉంటుంది, ఈ బిళ్ల మాత్రం మిల్లీమీటరున్నర అటూ ఇటూ. తుప్పు లోపల అంతటా సమానంగా తిన్నా మొదట చిల్లు పడేది ఈ బిళ్లకే. మా వైపు బోరు నీళ్లు ఉప్పు, సున్నం రెండూ ఉన్న గట్టి నీళ్లు. తుప్పును ఆపే మందు కూలెంట్‌లోనే ఉంటుంది, బోరు నీళ్లలో ఉండదు.

ఆదివారం: ప్లగ్గు మార్చడం

బ్యాటరీ మైనస్ తీసి, నీళ్లన్నీ టబ్బులోకి దించాను. బ్లాకుకు పక్కన వేరే డ్రెయిన్ బోల్టు ఉంటుంది. రేడియేటర్ ఒక్కటే దించితే బ్లాకులో నీళ్లు ఉండిపోయి ప్లగ్గు తీసినప్పుడు మీద పడతాయి. ఆ బోల్టు తీస్తే చుక్క రాలేదు, సున్నంతో మూసుకుపోయింది. తీగతో పొడిస్తే గోధుమ రంగు బురద వచ్చింది.

దించిన నీళ్లు కాలువలో పోయకండి, ఊరికే వదిలేయకండి. అందులో కూలెంట్ ఏ కొంచెం ఉన్నా ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టే. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు తాగుతాయి, కిడ్నీలు పోయి చస్తాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. మూత ఉన్న క్యానులో పోసి ఎత్తి పెట్టాను.

స్టార్టర్ మోటారు దించాక చోటు దొరికింది. ప్లగ్గు ఒక అంచున మొద్దు పంచ్ పెట్టి సుత్తితో కొడితే అది రంధ్రంలోనే అడ్డం తిరుగుతుంది. అప్పుడు ప్లయర్‌తో పట్టి లాగేయాలి. నడిమధ్య కొడితే బ్లాకు లోపలికి పడిపోతుంది. సిలిండర్ గోడకు తగిలేంత లోతుకు కొట్టకూడదు. మాది తుప్పు పట్టి ఉంది కాబట్టి ప్లయర్ పట్టిన చోట అప్పడంలా విరిగి ముక్కలుగా వచ్చింది. లోపల సిలిండర్ చుట్టూ వేలి గోరు మందాన సున్నం.

రంధ్రం అంచును ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, వెర్నియర్‌తో కొలిచాను. పాత ప్లగ్గును కొలిచి కొత్తది కొనడం సరికాదు, బిగింపు అంతా రంధ్రం కొలతలోనే ఉంటుంది. ఇత్తడి ప్లగ్గులు తెచ్చాను, వాటికి తుప్పు రాదు. అంచుకు పల్చగా సీలెంట్ రాసి, ప్లగ్గు లోపలి గిన్నెలో సరిపోయే సాకెట్ పెట్టి తిన్నగా కొట్టాను. అదే వైపు చేయి అందే మిగతా ప్లగ్గులు కూడా మార్చాను. ఒకటి పోయిందంటే పక్కనున్నవి అదే వయసువి, అవే నీళ్లు తాగినవి.

షెడ్డుల్లో పసుపు పొడి, లీకు పౌడరు పోసే అలవాటు ఉంది. దారిలో ఇరుక్కుపోయినప్పుడు ఇల్లు చేరడానికి అది అక్కరకు రావచ్చు. కానీ సున్నం పట్టిన ఇంజన్‌లో అది రేడియేటర్ సన్న గొట్టాలను కూడా మూసేస్తుంది. మా బండిలో వేయనివ్వలేదు.

కడగడం, నింపడం

థర్మోస్టాట్ తీసి గిన్నెలో నీళ్లు కాచి చూశాను, 82 దగ్గర తెరుచుకుంటోంది, బాగుంది. అది లేకుండా ఫ్లషింగ్ ద్రావణంతో నడిపి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాను. తర్వాత థర్మోస్టాట్ కొత్త ప్యాకింగ్‌తో పెట్టి, కూలెంట్, డీఎం నీళ్లు సగం సగం కలిపి నింపాను. డీఎం అంటే ఉప్పు, సున్నం లాంటివి తీసేసిన నీళ్లు, బ్యాటరీ షాపుల్లో అమ్మేవే. మొత్తం తొమ్మిది లీటర్లకు కొంచెం తక్కువ పట్టింది. ముందు చక్రాలు ఎత్తు మీదికి ఎక్కించి, హీటర్ వాల్వు తెరిచి, పై పైపు పిసుకుతూ గాలి బుడగలు ఆగేదాకా పోశాను.

టెస్టర్‌తో చల్లగా, మళ్లీ వేడి మీద పరీక్షించాను. ఈసారి ఇంజన్ ఆపాక ముల్లు మొదట కొంచెం పైకి ఎక్కింది, ఉండాల్సింది అలాగే. టార్చి వేస్తే బ్లాకు నల్లగా ఉంది.

ఘాట్ మీద

దాణా బస్తాలతో తిరుపతి నుంచి వస్తూ నేనూ పక్కన కూర్చున్నాను. భాకరాపేట ఘాట్‌లో ముల్లు సగానికి కాస్త పైకి వచ్చి అక్కడే నిలబడింది. పైకి చేరాక బండి పక్కన ఆపించి, బానెట్ ఎత్తి, మూత జోలికి పోకుండా టార్చితో మానిఫోల్డ్ కింద చూశాను. పొడిగా ఉంది. ఇంటికొచ్చి రాత్రంతా చల్లారాక పొద్దున బాటిల్‌లో నీళ్లు టేపు గీత దగ్గరే ఉన్నాయి. ఆ తర్వాత చిన్నాన్న లోడు తోలుతూనే ఉన్నాడు, గీత దిగలేదు. రోజూ పొద్దున చూసి ఫోటో పంపమని చెప్పాను, పంపుతున్నాడు.

మిగిలిన పనులు: గట్టిపడిన పై హోస్ పైపు సీజన్‌లోపే మార్చాలి. బ్లాకు వెనక, గేర్‌బాక్స్ మూసేసిన చోట ఇంకో కోర్ ప్లగ్గు ఉంది, అది ఇప్పటికీ పాత ఇనుపదే. దాని కోసం గేర్‌బాక్స్ దించడం దండగ. క్లచ్ ప్లేటు ఎలాగూ చివరికొచ్చింది, అది మార్చేటప్పుడు గేర్‌బాక్స్ దిగుతుంది కాబట్టి అప్పుడే తీయాలి. దాని కొలత ఇత్తడి ప్లగ్గు ఒకటి కొని, పేరు రాసి బండి టూల్ బాక్సులో పెట్టేశాను.